బొమ్మ దగ్గర అనాల్సిన మాట

జూన్ 2, సోమవారం

హాస్పిటల్‌వాళ్లు ఒక బొమ్మను కొన్నారు. మనిషంత బొమ్మ. ఊపిరి తీస్తుంది, రెప్పలు ఆడిస్తుంది, మూలుగుతుంది. పక్క గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నవాడు ఒక మీట నొక్కితే చస్తుంది, ఇంకో మీట నొక్కితే లేస్తుంది. దానికి విడిగా ఏసీ గది, ఉతికిన దుప్పట్లు, ఇద్దరు మనుషుల సేవ. మా రికవరీ వార్డులో ఫ్యాను ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు, దానికి మాత్రం డబ్బుల్లేవట.

నేను దానికి అల్లుడుగారు అని పేరు పెట్టాను. పగలంతా కాళ్లు బారజాపుకుని పడుకోవడం, చుట్టూ అందరూ హడావుడి పడడం, ఏ చిన్న లోటు జరిగినా మొహం మాడ్చుకోవడం. థియేటరు నర్సులు పడీ పడీ నవ్వారు. సాయంత్రానికి హాస్పిటల్ అంతా అదే పేరు.

నవ్వు అక్కడితో సరి. మత్తు డాక్టర్లందరూ, కొత్తా పాతా తేడా లేకుండా, అల్లుడుగారి దగ్గర పరీక్షకు నిలబడాలట. ఎప్పుడో ఏళ్లకొకసారి వచ్చే ప్రమాదాలను ఆయన మీద అభ్యాసం చెయ్యాలట. మందు పడగానే బీపీ పాతాళానికి పోవడం, ఒళ్లు పెనంలా కాలిపోవడం, గొంతులోకి గొట్టం దిగకపోవడం వగైరా. నెలాఖరులోపు నెగ్గనివాళ్లు థియేటరులో రోగి తల దగ్గర కూర్చోవడానికి వీల్లేదట. కింద ఓపీలో బీపీలు చూసుకోవాలట.

తల దగ్గర కుర్చీ నాది. ఈ హాస్పిటల్‌కు లిఫ్టు లేని రోజుల నుంచీ నాది.

శిక్షణ ఇచ్చేది ఎవరనుకున్నారు? నా దగ్గర చదువుకున్న పిల్ల. వెన్నులో సూది ఎక్కడ గుచ్చాలో చెయ్యి పట్టుకుని నేర్పింది నేను. విదేశాల్లో ఏదో కోర్సు చేసి వచ్చి ఇప్పుడు బొమ్మలమ్మ అయింది.

జూన్ 3

వెళ్లను.

జూన్ 6, శుక్రవారం

వెళ్లాను. "బొమ్మేగా, కరుస్తుందా?" అన్నాడు మా ఆయన. రిటైరయిన లెక్కల మాస్టరు. ఆయనకు ప్రపంచంలో ఏదీ కరవదు.

అల్లుడుగారికి అపెండిక్స్ అట. నిద్రపుచ్చాను. నోరు తెరిచి గొట్టం వేయబోతే నాలుక వాచిపోయింది. వాచదూ మరి, పక్క గదిలోవాడు అందుకే జీతం తీసుకుంటున్నాడు. రెండోసారి ప్రయత్నించాను. మాస్కు బిగించి పట్టినా ఛాతీ లేవలేదు. ఆక్సిజన్ మీటరు బీప్ మెట్టు మెట్టుగా కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆ శబ్దం నాకు కొత్త కాదు, నిద్రలోనైనా గుర్తుపడతాను. మూడోసారి గొట్టం తీసుకున్నాను. కొంచెం ఇబ్బందిగా ఉంది అన్నాను. అల్లుడుగారు పోయారు.

చుట్టూ ఉన్నవాళ్లు నిలబడి చూస్తున్నారు. మా జూనియరు పిల్ల చేతిలో కత్తి ప్యాకెట్టు పట్టుకుని నిలబడింది. ఆ పిల్లకు నేను పెట్టిన పేరు సరేమేడం. ఏం చెప్పినా అదే జవాబు. సెలవు రద్దు చేశానన్నా అదే, నీ పెళ్లి ఆగిపోయిందన్నా అదే అంటుందేమో. అంత వినయం ఈ కాలం పిల్లల్లో ఎక్కడుంది? అందుకే నా ఆపరేషన్ల లిస్టు ఉన్న రోజు ఆ పిల్లనే అడిగి వేయించుకుంటాను.

తరవాత అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి టీ, బిస్కెట్లు ఇచ్చారు. గోడ మీద నా వీడియో. వెనక నుంచి టోపీ కింద తెల్లజుట్టు పీచులా కనిపిస్తోంది, ఎవరూ చెప్పలేదు.

"మేడం, అప్పుడు మీకేమనిపించింది?" అంది బొమ్మలమ్మ.

"ఆకలేసింది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, మళ్లీ మొదలుపెట్టింది. "గొట్టం దిగట్లేదు, గాలీ వెళ్లట్లేదు అని తెలిశాక ఇక గొంతుతో పోరాడకూడదు మేడం. మెడ ముందు కోసి అక్కణ్నుంచి గాలి పంపాలి."

"ఆ సంగతి నీకు చెప్పిందే నేను."

"అవును మేడం. కానీ గట్టిగా ఒక మాట అనాలి. 'నా వల్ల కావట్లేదు, మెడ దగ్గర దారి తీస్తున్నాం' అని. ఆ మాట పడితేగానీ మిగతావాళ్ల చేతులు కదలవు."

"దానికి ఇంగ్లిష్‌లో ఒక ముక్క ఉందిగా, అదంటాను."

"మొన్న ఒకాయన అన్నారు మేడం. గొణిగారు. సగంమందికి వినపడలేదు. విన్నవాళ్లు విననట్టు ఊరుకున్నారు. మన మాటలో అంటే తప్పించుకోవడానికి ఉండదు."

నా వల్ల కావట్లేదు! పరీక్ష తప్పేవాడు అనాల్సిన మాట ఇది. రోగి తల దగ్గర కూర్చున్న మనిషి నోటి వెంట ఆ మాట వస్తే థియేటరులో ఎవరికైనా కాళ్లు నిలుస్తాయా? సర్జన్లు నన్ను చూసి ధైర్యంగా కోస్తున్నారంటే నా మొహం మీద చెమట పట్టదు కాబట్టి. ఈ పిల్లలు ఏడుపును పాఠంగా పెట్టి సర్టిఫికెట్లు ఇస్తున్నారు.

నా కాగితం మీద 'మళ్లీ రావాలి' అని రాసింది.

జూన్ 12

మళ్లీ వెళ్లాను. ఈసారి మూడోసారి గొట్టం దిగకపోయేసరికి గొంతు పెంచి, "ఈ బొమ్మ వల్ల కావట్లేదు!" అన్నాను. కంప్యూటరబ్బాయి కూడా అద్దం వెనక పొట్ట పట్టుకున్నాడు. బొమ్మలమ్మ నవ్వలేదు. "ఇంకొక్క అవకాశం ఉంది మేడం" అంది. ఆ "మేడం"లో ఇంత జాలి. నా దగ్గర మొదటిసారి చేతులు వణికినప్పుడు నేను జాలిపడి ఉంటే ఈమె ఇప్పుడు ఎక్కడుండేది!

మా ఆయనతో చెప్పాను. "అనేస్తే పోలా, నాలుగు ముక్కలేగా" అన్నాడు. లెక్కల మాస్టరుకు అన్నీ ముక్కలే.

జూన్ 17

ఇవాళ రాయను.

జూన్ 18, బుధవారం

గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. నిన్నటి పేషెంటు కారు డ్రైవింగ్ నేర్పే మాస్టరు, యాభై దాటలేదు, గట్టి మనిషి. టేబులు మీద పడుకుని జోకులు. "నేర్చుకునేవాళ్లు ఎలా తోలినా నా కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది మేడం. ఇవాళ మాత్రం బండి పూర్తిగా మీదే" అన్నాడు. నోరు చూశాను, మెడ చూశాను. పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. ఎవరు చూసినా అదే చెప్పేవారు.

నిద్రపుచ్చాక లోపల చూస్తే నాలుక మొదట్లో కండ పెరిగి ఉంది. బయటికి కనపడదు. ఎవరికీ కనపడదు. గొట్టం దిగలేదు. మాస్కుతో గాలి పోలేదు. గొంతులో పెట్టే మెత్తటి మాస్కు వేశాను, అదీ పని చెయ్యలేదు. కెమెరా ఉన్న పరికరంతో చూస్తే తెర నిండా ఎర్రగా కండ. ఆ తరవాత ఇంకోసారి చూశాను.

అప్పుడు చెప్పాను. కష్టంగా ఉంది, చూడండి అన్నాను. సర్జన్ కత్తి తీసుకుని మెడ దగ్గర కోశాడు. గాలి పోయింది. బీప్ పైకి వచ్చింది.

మనిషి బతికాడు. కానీ మెలకువ రాలేదు. ఐసీయూలో ఉన్నాడు.

జూన్ 19

మెలకువ రాలేదు.

మెడ చూడండి అన్నాను. గట్టిగానే అన్నాను. సర్జన్‌కు ఆ మాత్రం చాలదా? ఆయన అంతకు ముందే కత్తి తీసుకున్నాడని ఎవరో అంటున్నారట. అననీ.

జూన్ 21

ఐసీయూ బయట ఆయన భార్య. భర్త కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లేచినప్పుడు అవి లేకపోతే ఏమీ కనపడదట. నన్ను చూసి లేచి నిలబడింది.

"మీరేనాండీ లోపల ఉన్నది?"

"నేనే."

"ఏమైందండీ అసలు?"

గొంతులో కండ పెరిగి ఉందని, ముందుగా తెలిసే వీలు లేదని, గొట్టం దిగలేదని చెప్పాను. శ్రద్ధగా విన్నది. తరవాత అడిగింది. "మెడ మీద కోస్తే గాలి పోయిందన్నారు కదండీ. మరి అదేదో ముందే కొయ్యకూడదాండీ?"

గొంతులోంచే గొట్టం ఎలాగైనా దిగుతుందనే ఆశతో చూస్తామమ్మా అన్నాను. ఆవిడ తలూపింది. నిందించే మనిషయితే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. అది కూడా చెయ్యనివ్వలేదు.

ఇక కత్తి తీసుకోండి అని నేనే చెప్పాను. స్పష్టంగా గుర్తుంది. మాస్కులోంచి సరిగ్గా వినపడి ఉండదు.

జూన్ 23

కళ్లు తెరిచాడు. భార్య చెయ్యి పట్టుకున్నాడు, కళ్లజోడు పెట్టమని సైగ చేశాడట. మెడలో గొట్టం ఉంది కాబట్టి మాట రాదు, అది తీశాక వస్తుంది. బుర్ర బాగానే ఉందన్నాడు నరాల డాక్టరు.

బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. ఇక్కడ రాసుకుంటే ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. తరవాత మొహం కడుక్కుని రెండు ఆపరేషన్లకు మత్తిచ్చాను. రెండు గొట్టాలూ వెన్నలో దిగినట్టు దిగాయి.

జూన్ 25, బుధవారం

విచారణ. పెద్ద బల్ల, మూలన చల్లారిన టీ. సూపరింటెండెంటుకు మా పని గురించి తెలిసింది సున్నా. ఆయన చర్మవ్యాధుల మనిషి. దురద తప్ప అర్జెంటు ఎరగడు. మెడ కొయ్యాలని ఎవరు చెప్పారు అన్నదే ప్రశ్న.

సర్జన్ తడుముకోకుండా చెప్పాడు. "నాకేమీ వినపడలేదండీ. పేషెంటు మొహం నల్లబడింది. మేడం ఇంకా గొట్టం పట్టుకునే ఉన్నారు. నేను కోసేశాను."

నమ్మకద్రోహి. ఇన్నేళ్లు ఆయన పేషెంట్లను నేను బతికించి పంపాను.

తరవాత సరేమేడంను అడిగారు. పిల్ల లేచి నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. "మేడం అన్నారండీ. 'నా వల్ల కావట్లేదు, మెడ దగ్గర దారి తీస్తున్నాం' అన్నారు. నేను విన్నాను."

బల్ల చివర కూర్చున్న బొమ్మలమ్మ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. సూపరింటెండెంటు సంతృప్తిగా ఫైలు మూసేశాడు. చెప్పాల్సిన మాట చెప్పినట్టే, కాబట్టి నా కుర్చీకి ఢోకా లేదు. అసలు మనిషి మీదే చేసి చూపించాక ఇక బొమ్మ దగ్గర పరీక్ష ఎందుకన్నాడు.

విన్నారా! సరేమేడం విన్నది! పక్కనే నిలబడ్డ పిల్ల కంటే ఎవరికి తెలుస్తుంది? ఇంటికి రాగానే మా ఆయనకు ఉత్సాహంగా చెప్పాను. ఆయన పేపరు దించాడు.

"నువ్వా? ఆ మాటా?"

"ఏం, అనకూడదా?"

"సీసా మూత రాకపోతే సీసా పగలగొట్టావుగానీ, నా చేతికి ఇచ్చావా ఎప్పుడైనా? నీ నోట ఆ మాట నేనే వినలేదు, ఆ అమ్మాయి ఎక్కడ విన్నది?" నవ్వి మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

ఈ డైరీలో పాత పేజీలు తిరగేశాను.

జూన్ 26, గురువారం

కష్టంగా ఉంది, మెడ చూడండి, కత్తి తీసుకోండి. నా రాతే, ఒక్కో రోజు ఒక్కో మాట. ఈ మూడింటిలో ఏదీ ఆ పిల్ల విన్నానన్న మాట కాదు. ఆ పిల్ల చెప్పింది బొమ్మలమ్మ పాఠం, అక్షరం పొల్లుపోకుండా.

చేతులు కడుక్కునే చోట పట్టుకున్నాను.

"విచారణలో అలా ఎందుకు చెప్పావు?"

"మీరు అన్నారు కదా మేడం."

"నేను అనలేదు."

"సరే మేడం."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. అన్నానంటే సరే, అనలేదంటే సరే. నేను చంపానంటే కూడా సరే అనేలా ఉంది.

"కత్తి ప్యాకెట్టు ఎప్పుడు విప్పావు?"

తల దించుకుంది. "మెత్తటి మాస్కు పని చెయ్యనప్పుడు మేడం."

అంటే నేను కెమెరా పెట్టి ఇంకోసారి, ఆ తరవాత ఇంకోసారి చూస్తున్నంతసేపూ ఈ పిల్ల చేతిలో కత్తి ఉంది. బొమ్మ దగ్గర నిలబడినట్టే నిలబడి ఉంది.

"మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"మీరుండగా నేనెలా చెప్తాను మేడం?"

"ఆయన చచ్చిపోయుంటే?"

కళ్లనీళ్లు పెట్టుకుంది. కడిగిన చేతులు, వాటితో కళ్లు తుడుచుకోవడానికి లేదు. ఆ మొహం చూస్తే అసహ్యం వేసింది. ఆ పిల్ల మీద అనుకున్నాను మొదట. ఈ వినయాన్ని చూసి మురిసిపోయింది నేను. ఎదురు చెప్పేవాళ్లను ఒక్కొక్కరినీ వేరే లిస్టులకు తరిమేసి, ఏరి కోరి ఈ మూగ పిల్లను పక్కన పెట్టుకున్నది నేను. అబద్ధం కూడా నాకు ఇష్టమైన రంగులో కుట్టి తెచ్చి ఇచ్చింది. రేపు నేను లేకపోయినా ఇంకో మేడం ఉంటుంది, ఆవిడ దగ్గరా ఇలాగే కత్తి పట్టుకుని నిలబడుతుంది.

జూన్ 27

సూపరింటెండెంటు గదికి వెళ్లి చెప్పాను. ఆ మాట నేను అనలేదు, ఏ మాటా అనలేదు, ఆ అమ్మాయి నన్ను కాపాడడానికి చెప్పింది, ఆ అమ్మాయిని ఏమీ అనకండి అని. ఆయన ఇబ్బందిగా గోక్కున్నాడు. "ఫైలు మూసేశాం కదా మేడం, మళ్లీ ఎందుకు?" అన్నాడు. తెరవండి అన్నాను.

సోమవారం నుంచి ఓపీ.

జూలై 1

కళ్లజోడు ఆయనను, వాళ్లావిడను కూర్చోబెట్టి అదే విషయం చెప్పాను. మెడలో గొట్టం తీసేశారు, గొంతు బొంగురుగా ఉంది. ఆవిడ నన్ను చూసి, "మొన్న అడిగినప్పుడే చెప్పాల్సిందండీ" అంది. అంతే అంది. వాళ్లు క్షమించలేదు, అడిగే మొహం నాకూ లేదు.

ఓపీ సంగతి ఏం రాయను? తిన్నారా, బీపీ బిళ్ల వేసుకున్నారా, కట్టుడు పళ్లున్నాయా. ఒకాయన కట్టుడు పళ్లు తీసి బల్ల మీద పెట్టాడు.

జూలై 3

బొమ్మలమ్మ వచ్చింది. కిందికి, ఓపీకి, నా ఎదురుగా రోగుల కుర్చీలో కూర్చుంది.

"మేడం, మీ మూడో పరీక్ష ఎప్పుడు పెట్టుకుందాం?"

"ఆ గొడవ తరవాత. ముందు ఆ పిల్లల సంగతి చూడు. పెద్దవాళ్లు తప్పు చేస్తుంటే నోరు తెరవడం నేర్పుతున్నావా లేదా?"

"నేర్పాలనే చూస్తున్నాం మేడం. దానికి మొండి సీనియర్ వేషం ఎవరైనా వెయ్యాలి. మా కంప్యూటరబ్బాయి వేస్తే పిల్లలు నవ్వేస్తున్నారు."

"నేను వేస్తాను. కానీ నాకు నటన రాదు."

"అక్కర్లేదు మేడం" అంది.

ఎంత పొగరు! నా శిష్యురాలే.

జూలై 4, శుక్రవారం

సరేమేడం లేకుండా మొదలుపెట్టవద్దని చెప్పాను. పిల్ల వచ్చింది, నన్ను బొమ్మ తల దగ్గర చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

మొదటిసారి: నాలుక వాచింది. గొట్టం దిగలేదు. నేను తల ఎత్తకుండా మళ్లీ మళ్లీ పెడుతున్నాను. "మేడం... ఒకసారి..." అంది పిల్ల. "నోరు మూసుకుని సక్షన్ ఇవ్వు" అన్నాను. ఇచ్చింది. అల్లుడుగారు పోయారు.

రెండోసారి: "మేడం, బీప్ తగ్గుతోంది మేడం" అంది. "నాకు చెవులున్నాయి" అన్నాను. పిల్ల మొహం పాలిపోయింది. అల్లుడుగారు పోయారు. మిగతా జూనియర్లు గోడకు అతుక్కుపోయి చూస్తున్నారు. చాలిద్దాం మేడం అంది బొమ్మలమ్మ నా చెవిలో. వద్దన్నాను.

మూడోసారి మొదలుపెట్టే ముందు మామూలుగా తిట్టే తిట్లు కాకుండా ఒక నిజం చెప్పాను. "ఆ రోజు నువ్వు అలాగే నిలబడ్డావు. నేనూ ఆగలేదు. ఆయన భార్య కళ్లజోడు పట్టుకుని బయట కూర్చుంది. తెలుసా నీకు?" అన్నాను.

గొట్టం పెట్టాను. దిగలేదు. మాస్కు. గాలి లేదు. బీప్ దిగడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే నాకు ఈసారి దిగేలా ఉందనిపించింది. వేషం సంగతి మరిచిపోయాను. ఇంకొంచెం పక్కకి తిప్పితే దిగుతుంది, ఖాయంగా దిగుతుంది అనుకుంటూ వంగాను. నా చెయ్యి మీద ఒక చెయ్యి పడింది.

"మేడం, మీ వల్ల కావట్లేదు. జరగండి."

ఇంకొక్క క్షణం అన్నాను. అన్నాను, నిజంగానే అన్నాను.

"జరగమంటుంటే!" భుజంతో నన్ను తోసేసింది. కుర్చీ చక్రాల మీద వెనక్కి జారి గోడకు కొట్టుకున్నాను. "మెడ దగ్గర దారి తీస్తున్నాం, కత్తి ఇటివ్వండి!" ఎవరి గొంతో అనిపించింది, అంత పెద్దగా. కోసింది, గొట్టం దూర్చింది, బొమ్మ ఛాతీ లేచింది. ఆ పిల్ల నా వైపు తిరిగి చూడలేదు. బొమ్మ ఛాతీనే చూస్తోంది, మళ్లీ లేస్తుందా లేదా అని.

తరవాత టీ, బిస్కెట్లు. నన్నేమీ అడగలేదు ఈసారి. బొమ్మలమ్మ ఆ పిల్లను అడిగింది ఏమనిపించిందని. "కోపం వచ్చింది" అంది.

భుజం నొప్పిగా ఉంది. మా ఆయన మందు రాస్తానంటే వద్దన్నాను, తరవాత రాయమన్నాను.

వచ్చేటప్పుడు కారు దగ్గర కాసేపు నిలబడ్డాను. సారీ చెప్పడానికి పరిగెత్తుకుంటూ వస్తుందని. అలవాటు కదా. మిగతా పిల్లలతో గట్టిగా ఏదో వాదించుకుంటూ గేటు వైపు నడిచింది, నన్ను చూసింది కూడా. తలూపి వెళ్లిపోయింది. సారీ లేదు, మేడం లేదు. ఇంత మర్యాద లేని పిల్లను నేను నా సర్వీసులో చూడలేదు. దారి పొడుగునా ఒళ్లు మండిపోతూనే ఉంది, ఎందుకో నవ్వు కూడా ఆగలేదు.